అవ్వ గొంతున్న క్యాసెట్‌ను కాపాడుకోవడం ఎలా? పాత టూ ఇన్ వన్ బాగుచేసుకోవడం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేదాకా

నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో సజ్జ మీద రేకు సందూక దించితే ఇప్పటికీ నాలుగైదు క్యాసెట్లు బయటపడతాయి. అందులో సగం సినిమా పాటలవి. వాటి కోసం కష్టపడొద్దు, ఆ పాటలు అంతకంటే శుభ్రంగా వేరేచోట దొరుకుతాయి. మీరు ఏరి పక్కన పెట్టాల్సినవి పెన్నుతో పేరు రాసినవి, లేదా పేరే రాయనివి. చేతుల్లో చిరుతలు (చెక్క తాళాలు) వాయిస్తూ ఊళ్లో ఆడిన చిరుతల రామాయణం, వాకిట్లో అవ్వ ఎత్తుకున్న బతుకమ్మ పాట, దుబాయ్ నుంచి ఉత్తరానికి బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్, పెళ్లిలో ఎవరో టేప్ పక్కన పెట్టి మరిచిపోతే రికార్డయిన గోల. ఇవి లోకంలో ఒక్కొక్కటే ఉంటాయి. రీలు తెగితే మళ్లీ రావు.

అందుకే ఈ పని మొత్తానికీ ఒకటే నియమం. టేప్ రికార్డర్ (రేడియో కూడా కలిసి ఉంటే దాన్నే టూ ఇన్ వన్ అంటాం) పూర్తిగా బాగైందని పనికిరాని క్యాసెట్ మీద తేలాకే ఆ ఒక్క క్యాసెట్‌ను అందులో పెట్టాలి. సందూకలో దొరికిన సెట్‌కు కరెంటు పెట్టి, ఉత్సాహంలో అవ్వ క్యాసెట్‌నే ముందు వేసి చూస్తే రీలు చుట్టుకుపోతుంది. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

క్యాసెట్‌తో మొదలుపెట్టండి

అన్నిటికంటే ముందు రికార్డ్ పలకలు విరవండి. రీలు బయటికి కనిపించే అంచు కిందికి ఉండేలా క్యాసెట్‌ను పట్టుకుంటే, పై అంచులో రెండు మూలలా రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. మీకు ఎదురుగా ఉన్న వైపును కాపాడేది ఎడమ పక్క పలక. క్యాసెట్ తిప్పి రెండోదీ తీసేయండి. అవి లేకపోతే రికార్డ్ బటన్ దిగదు, పొరపాటున చెరిగిపోయే భయం ఉండదు. ముందే పలక లేకుండా సెలోటేప్ అతికించి ఉంటే, ఎవరో దాని మీద మళ్లీ రికార్డ్ చేశారని అర్థం. ఆ సెలోటేప్ పీకేయండి.

ఇప్పుడు వెలుతురులో కిటికీ గుండా రీలును చూడండి. గోధుమ రంగులో నున్నగా ఉంటే మంచిది. చుట్ట అంచుల మీద తెల్లటి మచ్చలో దారాల్లాంటి పొరో ఉంటే అది బూజు. వాన కురిసిన గోడ పక్కన పెట్టినవాటికి ఇది పడుతుంది. బూజు పట్టినదాన్ని అన్నిటికంటే చివర చేయండి, ముక్కుకు మాస్క్ కట్టుకుని చేయండి, అయ్యాక సెట్‌లో హెడ్డు (రీలును తాకుతూ శబ్దాన్ని చదివే లోహపు ముక్క) మళ్లీ తుడవండి. లేకపోతే ఆ బూజు తర్వాతి క్యాసెట్‌కు అంటుకుంటుంది.

రీలు బయటికి కనిపించే అంచు మధ్యలో, రీలు వెనక, రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉండాలి. రీలును హెడ్డుకు ఒత్తిపట్టేది అదే. జిగురు ఎండి అది ఊడిపోయి ఉంటే శబ్దం సన్నగా, వచ్చిపోతూ వినిపిస్తుంది. పాట పోయిందని జనం అనుకుంటారు కానీ పోయింది ఆ ఉన్ని ముక్కే. ఒక పాత సినిమా క్యాసెట్ బలిచ్చి దాని డబ్బా, అంటే చుట్టలు లోపల కూర్చునే ప్లాస్టిక్ పెట్టె, వాడుకోండి. 5 స్క్రూలు ఉన్న డబ్బా అయితే సులువు. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బల్ల మీద పడుకోబెట్టి పైమూత మాత్రం ఎత్తి, రెండు చుట్టలనూ కదలకుండా కొత్త డబ్బాలోకి మార్చండి. రెండు మూలలా ఉండే చిన్న రోలర్లు, చుట్టలకు పైనా కిందా ఉండే పల్చటి కాగితం లాంటి షీట్లు మరిచిపోవద్దు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే అతుకు వెంట సన్నటి బ్లేడుతో కొద్దికొద్దిగా పగలగొట్టాలి, బ్లేడు లోపలికి 2 మి.మీ. మించి పోకూడదు.

తెగిన రీలును సెలోటేప్‌తో అతకడం మన దగ్గర అందరూ చేసిన తప్పు. దాని జిగురు ఎండకు కరిగి పక్క చుట్టలకు అంటుతుంది, హెడ్డుకూ పూస్తుంది. క్యాసెట్ రీలు వెడల్పు 3.81 మి.మీ., ఆ కొలతకే స్ప్లైసింగ్ టేప్ అని దొరుకుతుంది. రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి ఏటవాలుగా కోయండి, ఎదురెదురుగా ఆనించండి, అర అంగుళం ముక్కతో వెనక వైపు అతకండి. వెనక వైపు అంటే ఉన్ని ముక్క తాకే వైపు. హెడ్డు తాకే వైపు ఏదీ అంటకూడదు. రీలు మెలిక పడకుండా చూసుకోండి. అతికాక గొంతు మందంగా, మాటలు వెనక్కి పలికినట్టు వినిపిస్తే రీలు తిరగబడిందని గుర్తు, రెండో వైపు రికార్డింగ్ ఉల్టాగా మీకు వినిపిస్తోంది.

ఏళ్ల తరబడి కదలని చుట్ట ఒకదానికొకటి పట్టేసి ఉంటుంది. నటరాజ్ పెన్సిల్ దూర్చి చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి, క్యాసెట్ వెడల్పు వైపును అరచేతికి రెండుసార్లు మెల్లగా తట్టండి. చుట్ట వదులవుతుంది. పెన్సిల్ తిరగకుండా మొరాయిస్తే బలవంతం వద్దు, ఆ డబ్బా వేడికి వంకరపోయింది. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే, స్లాబు కింది సజ్జ మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. అలాంటిదానికి డబ్బా మార్చడమే మందు.

సెట్‌ను లేపడం

ఫిలిప్స్, బీపీఎల్ సాన్యో, దుబాయ్ నుంచి వచ్చిన నేషనల్ పానసోనిక్, ఏదైనా పరవాలేదు. ఇంట్లో చేసిన రికార్డింగులు చాలావరకు మోనోయే (స్టీరియోలోలా ఎడమ, కుడి వేరుగా ఉండవు), కాబట్టి చిన్న మోనో సెట్ అయినా సరిపోతుంది. ఒక్కటి చూసుకోండి, ఇయర్‌ఫోన్ రంధ్రం గానీ వెనక 5 పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ గానీ ఉండాలి.

కరెంటు పెట్టకముందే సెల్లుల గూడు తెరవండి. నిప్పో, ఎవరెడీ పెద్ద సెల్లులు లోపలే కారిపోయి తుప్పు పట్టి ఉంటాయి. ఆ కాలపు సెల్లులు జింక్ కార్బన్‌వి, వాటి నుంచి కారేది ఆమ్లం. కాబట్టి వంటసోడాను కొద్దిగా తడిపి ముద్దలా చేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. నెట్‌లో చాలామంది చెప్పే వెనిగర్ ఆల్కలైన్ సెల్లులు కారినప్పటిది, దీనికి కాదు. తర్వాత తుడవడానికి బోరు నీళ్లు వాడొద్దు. నల్లగొండ నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరాక స్ప్రింగుల మీద తెల్లటి పొర కడుతుంది. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక చెంచాడు చాలు.

ఇరవై ముప్పై ఏళ్లు కరెంటు చూడని సెట్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. మెకానిక్ దగ్గర ఉండే సిరీస్ బోర్డు మీద, 40 వాట్ల బల్బు వరుసలో పెట్టి ఆన్ చేయించండి. బల్బు వెలగకపోయినా, సన్నగా ఎర్రబడినా మంచిదే. గట్టిగా వెలిగితే లోపల షార్ట్ ఉంది, వెంటనే తీసేయాలి. ఆన్ అయ్యాక స్పీకర్‌లో పెద్దగా గుమ్మని మోగుతుంటే పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ ఎండిపోయింది. చాలా సెట్లలో అది 1000 లేదా 2200 మైక్రోఫారడ్, 16 లేదా 25 వోల్టులది. మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టులు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది.

ఇప్పుడు ప్లే నొక్కితే మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ చక్రాలు కదలవు. బెల్టు పోయింది. ఈ వయసు సెట్లలో ఇది పోకుండా ఉన్నది అరుదు. కొన్నిట్లో బెల్టు సాగి వదులై ఉంటుంది, కొన్నిట్లో నల్లటి తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉంటుంది. ఆ తారు వేళ్లకు అంటితే రెండు రోజులు పోదు, చొక్కాకు అంటితే ఎప్పటికీ పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ప్రతి పుల్లీ గాడినీ పూర్తిగా తుడవాలి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు ఎగిరెగిరి తిరుగుతుంది.

కొత్త బెల్టు కొలతకు పాత బెల్టును నమ్మొద్దు, అది సాగిపోయింది. బెల్టు తిరిగే దారంతా ఒక దారం చుట్టి పొడవు కొలవండి. దానికంటే 5 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది కొనాలి. దారం 240 మి.మీ. వస్తే బెల్టు 228 మి.మీ. ఉండాలి. దుకాణంలో అడ్డకొలత అడుగుతారు, 228ని 3.14తో భాగిస్తే సుమారు 73 మి.మీ. పాతదాని మందం చూసి చదరపుదో చప్పటిదో అదే రకం తీసుకోండి. మరీ బిగువైతే మోటారు బుష్ అరిగి గొంతు వణుకుతుంది, వదులైతే రివైండ్ లాగదు. కూరగాయల కట్టకు వేసే రబ్బరు బ్యాండ్ వేస్తే సెట్ తిరుగుతుంది, కానీ పాట ఊయల ఊగినట్టు వస్తుంది. కాపీ తీసే సెట్‌కు అది పనికిరాదు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాత రేడియో మెకానిక్‌ల దగ్గర బెల్టుల కట్ట ఒకటి ఉంటే ఉంటుంది. దొరకకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. దారం కొలత రాసిన చీటీ, పాత బెల్టు రెండూ వెంట తీసుకెళ్లండి.

తర్వాత శుభ్రం చేయడం. సెట్ ఆఫ్ చేసి, ప్లే నొక్కి ఉంచితే హెడ్డు ముందుకు వస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిపుల్లలు చాలు. ప్లే హెడ్డు, ఎడమ పక్క చెరిపే హెడ్డు, నిలువుగా సన్నటి ఉక్కు కడ్డీ, దానికి ఆనుకునే రబ్బరు రోలర్. పుల్ల మీద గోధుమ రంగు అంటడం ఆగేదాకా మారుస్తూ తుడవండి. ఎక్కువ మట్టి రబ్బరు రోలర్ మీదే ఉంటుంది, దాన్ని వేలితో తిప్పుతూ చుట్టూ తుడవండి. రోలర్ అద్దంలా మెరుస్తుంటే, పగుళ్లుంటే మార్చాల్సిందే. సెంటు, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు దగ్గరికి రానీయొద్దు. అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవర్ కూడా హెడ్డుకు దూరంగా ఉంచండి.

బోర్డు మీద పొడవాటి జారుడు స్విచ్ ఒకటి ఉంటుంది, రికార్డ్, ప్లే మార్చేది అదే. దాని కాళ్లకు తుప్పు పడితే సెట్ ఈల వేస్తుంది, ఒక పక్క శబ్దం పోతుంది. చాలామంది ఇక్కడే హెడ్డు పోయిందని తేల్చి సెట్‌ను పాత సామాన్ల బండికి వేస్తారు. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, క్యాసెట్ లేకుండా, గూడు వెనక మూలలో పలకను తడిమే చిన్న మీటను వేలితో నొక్కి పట్టి, రికార్డ్ బటన్ ఇరవైసార్లు నొక్కి వదలండి. వాల్యూమ్ తిప్పుతుంటే వచ్చే గరగరకూ ఇదే మందు.

పనికిరాని క్యాసెట్ మీద పరీక్ష

క్యాసెట్ లేకుండా ప్లే నొక్కి కుడి చక్రాన్ని వేలితో మెల్లగా ఆపి చూడండి. ఆగాలి, కానీ వేలిని లాగుతున్నట్టు అనిపించాలి. ఆ లాగుడు లేకపోతే రోలర్ వదిలిన రీలును కుడి చక్రం చుట్టుకోలేదు, రీలు లోపల పేరుకుని రోలర్‌కు చుట్టుకుంటుంది. రీలు తినేసే జబ్బుకు అసలు కారణం ఇదే.

లాగుడు బాగుంటే పాత సినిమా క్యాసెట్ ఒకటి రెండు వైపులా పూర్తిగా ఆడించండి. తీసి చూస్తే రీలు అంచులు ముడతలు పడకూడదు.

వేగం కూడా ఇప్పుడే సరిచేయండి. క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెం.మీ. నడవాలి. సెట్‌ను పది నిమిషాలు ఆడనిచ్చి, నిడివి తెలిసిన పాటను ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవండి. 240 సెకన్ల పాట 230 సెకన్లలో అయిపోతే సెట్ సుమారు 4 శాతం వేగంగా ఉంది. ఒక్క పాటతో తేల్చొద్దు, రెండు మూడు కొలవండి. మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, లోపల సన్నటి స్క్రూ. ప్లాస్టిక్ పిడి ఉన్న సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పి మళ్లీ కొలవాలి. కొన్ని సెట్లలో ఇది మోటారులో కాకుండా బోర్డు మీద ఉంటుంది.

హెడ్డు వాలు: దీన్ని వదిలేయొద్దు

ఇంత చేశాక కూడా అవ్వ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపించవచ్చు. రీలు పాతబడిందని వదిలేస్తారు. చాలాసార్లు కారణం వాలు. రికార్డ్ చేసిన సెట్ హెడ్డు ఏ కోణంలో ఉందో, వినిపించే సెట్ హెడ్డు కూడా సరిగ్గా అదే కోణంలో ఉండాలి. వెంట్రుకంత తేడా వచ్చినా సన్నటి శబ్దాలన్నీ పోతాయి.

హెడ్డుకు రెండు పక్కలా రెండు స్క్రూలు ఉంటాయి. ఒకదాని కింద స్ప్రింగ్ ఉంటుంది, తల మీద ఎరుపో ఆకుపచ్చో రంగు చుక్క ఉంటుంది. తిప్పాల్సింది అదొక్కటే, రెండోదాన్ని తాకొద్దు. చాలా సెట్లలో ప్లే అవుతున్నప్పుడు స్క్రూడ్రైవర్ దూరడానికి మూత కింద చిన్న రంధ్రం ఉంటుంది. లేకపోతే క్యాసెట్ గూడు మూత ఊడదీయండి.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని అసలు క్యాసెట్‌ను ఇప్పుడు ఆడించండి. స్టీరియో సెట్ అయితే రెండు పక్కలనూ కలిపి మోనోగా వినండి, తేడా ఇంకా స్పష్టంగా పట్టుకోవచ్చు. స్క్రూను పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పుతూ మాటల్లో స, శ, చ అక్షరాలను వినండి. చిరుతల రామాయణం అయితే చిరుతల టకటక, భజన అయితే తాళాలు, బతుకమ్మ అయితే చప్పట్లు. అవి ఒక్కచోట కత్తిలా తేలతాయి, అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ, ఒక్కోసారి ఒకే క్యాసెట్ రెండో వైపుకు కూడా ఇది మళ్లీ చేయాలి. ఏ ఫిల్టర్ కూడా ఈ పని చేయలేదు. రీలు మీదినుంచి రాని శబ్దాన్ని కంప్యూటర్ తెచ్చివ్వలేదు.

కంప్యూటర్‌లోకి

స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డ్ చేయడం వద్దు, గదిలో ఫ్యాను, వీధిలో హారన్ అన్నీ అందులో పడతాయి. ల్యాప్‌టాప్‌కు ఉన్న ఒకే రంధ్రం మైకు కోసం చేసింది, గట్టిగా వచ్చే టేప్ సిగ్నల్‌ను దాంట్లో పెడితే శబ్దం పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. కొనేముందు లైన్ ఇన్ అని రాసి ఉందో లేదో చూడండి, చవకవాటిలో చాలావరకు మైకు రంధ్రమే ఉంటుంది.

వెనక డిన్ సాకెట్ ఉంటే దాన్నే వాడండి. అందులో 3, 5 పిన్నులు బయటికి వచ్చే శబ్దం, 2 ఎర్త్. వాల్యూమ్ నాబ్‌తో సంబంధం లేకుండా శుభ్రంగా వస్తుంది. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకుంటే వాల్యూమ్ పదిలో మూడు నాలుగు దగ్గర పెట్టి, టోన్ నాబ్‌ను పూర్తిగా ట్రెబుల్ వైపు ఉంచండి. గుమ్మనే హమ్ వినిపిస్తే సెట్‌ను కొత్త సెల్లుల మీద నడపండి, ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీయండి. చాలాసార్లు దాంతోనే పోతుంది.

శబ్దం రికార్డ్ చేసి సరిదిద్దుకునే ఆడాసిటీ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, సరిపోతుంది. 44,100 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో. అత్యంత గట్టి చోట కూడా మీటరు మైనస్ 6 డీబీ దాటకూడదు. డప్పు మోగే చోటు చూసుకుని లెవెల్ పెట్టండి, మాటల చోట కాదు. క్యాసెట్ మీద సీ 60 అని ఉంటే వైపుకు 30 నిమిషాలు, సీ 90 అయితే 45. మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా తీయండి, ఖాళీగా ఉందనిపించినా కొస దాకా పోనివ్వండి. పాట అయిపోయాక బటన్ ఆపడం మరిచిన ఆ రెండు నిమిషాల్లోనే ఇంట్లోవాళ్ల అసలు మాటలు ఉంటాయి. ఎగుమతి వేవ్ ఫైలుగా చేయండి, 30 నిమిషాలకు సుమారు 475 ఎంబీ అవుతుంది. ఎంపీ3 కావాలంటే వాట్సాప్‌లో పంపడానికి విడిగా చేసుకోండి.

ఈ మొదటి ఫైలును ముట్టుకోవద్దు. శుద్ధి చేయాలంటే కాపీ మీద చేయండి. 80 హెర్ట్జ్ కింది గరగర తీసేయండి. మాటలు లేని ఒక సెకను చోటును శబ్దం నమూనాగా ఇచ్చి 6 నుంచి 9 డీబీ వరకే హిస్ (స్‌స్ అనే టేప్ చప్పుడు) తగ్గించండి. అంతకు మించితే గొంతు బిందెలోంచి వచ్చినట్టు అవుతుంది. కొంచెం హిస్ ఉన్నా మనిషి గొంతు మనిషిలా ఉండడమే మేలు.

సెట్ వేగం సరిగ్గా ఉన్నా గొంతు కీచుగా, తొందరగా వినిపిస్తుంటే, రికార్డ్ చేసిన రోజు సెల్లులు అయిపోవచ్చాయని అర్థం. అప్పుడు మోటారు మెల్లగా తిరిగింది, ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే గొంతు పైకి పోతుంది. క్యాసెట్ చివరికి వచ్చేకొద్దీ ఇది పెరుగుతూ ఉంటుంది. ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి వేగం తగ్గించాలి. కరెంటు మీద రికార్డ్ చేసినదైతే ఒక ఆనవాలు దొరుకుతుంది. శుద్ధి చేయని మొదటి ఫైలుకు ఆడాసిటీలో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) తెరిచి, సైజు 65536 పెట్టి చూస్తే, 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర కరెంటు హమ్ చిన్న గోపురంలా నిలబడుతుంది. అది 54, 108 దగ్గర ఉంటే 8 శాతం వేగంగా ఉన్నట్టు. కానీ దీన్ని గుడ్డిగా నమ్మకండి. 1990లలో దక్షిణాది కరెంటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తరచూ 50 కిందికి, ఒక్కోసారి 48 దరిదాపులకు జారేది. రెండు మూడు శాతం తేడాను ఇది తేల్చలేదు. అక్కడ ఆ గొంతు తెలిసిన మనిషిని కూర్చోబెట్టి వినిపించాల్సిందే.

ఆ మనిషిని ఎలాగూ కూర్చోబెట్టాలి, పేర్ల కోసం. ఫైలు పేరులో ఊరు, ఏడు, ఎవరి గొంతు, ఏ వైపు అని రాయండి. పెద్దమ్మనో చిన్నాయననో పక్కన పెట్టుకుని వినిపిస్తూ ఎన్నో నిమిషంలో ఎవరు మాట్లాడుతున్నారో కాగితం మీద రాసుకోండి. వీలైతే వాళ్లు చెప్పేదాన్ని కూడా ఫోన్‌లో రికార్డ్ చేసి అదే ఫోల్డర్‌లో వేయండి. ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న తోడబుట్టినవాళ్ల దగ్గర ఉండాలి.

క్యాసెట్‌ను పారేయకండి. చివరిదాకా ఆడించి, రివైండ్ చేయకుండా అలాగే దాని పై కవర్ డబ్బాలో పెట్టండి, నిలువుగా నిలబెట్టండి. స్పీకర్ పక్కన వద్దు. సజ్జ మీదికి మాత్రం మళ్లీ ఎక్కించొద్దు, కింది గదిలో చెక్క బీరువా మంచిది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేయండి, వానకాలం మొదట్లో మార్చండి.